నూరు నవ్వుల నోటు

పిచ్చయ్య పిండిమరలో దొంగనోట్లు అచ్చేస్తున్నారని సీతారావమ్మ చెప్పిందట. సీతారావమ్మ కళ్లారా చూసి చెప్పిందా అంటే, లేదు. పాలకేంద్రం దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నదట. ఆ అనుకున్నవాళ్లు బ్యాంకు మెట్ల మీద కూర్చున్నవాళ్ల దగ్గర విన్నారట. ఆవిడ పాలు పోయడానికి వెళ్లినప్పుడు అచ్చు మిషను ఒకటే. ఖాళీ క్యాను తీసుకుని ఇంటికొచ్చేసరికి రెండయ్యాయి. మధ్యాహ్నం జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన మనిషి ఆ కబురు పిచ్చయ్యకే మోసుకొచ్చి, ఆ మిషన్లు పగలు పిండి పడతాయనీ, చీకటి పడ్డాక నోట్లు పడతాయనీ చెప్పి, తన జొన్నలు మాత్రం పిండి పట్టే మిషన్లోనే పొయ్యమని మరీ మరీ చెప్పాడు.

పిచ్చయ్య జొన్నలు తొట్టిలో పోశాడు. సీతారావమ్మది పక్కిల్లే. మర ఆగితే ఆవిడ మాట వినపడుతుంది, ఆవిడ ఆగితే మర వినపడుతుంది. ఏళ్ల తరబడి ఇద్దరూ అలాగే సర్దుకుపోతున్నారు. పైగా ఆవిడ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. పిచ్చయ్య నోటు ఒకటి బ్యాంకువాళ్లకి దొరికింది. అది దొంగనోటని బ్యాంకువాళ్లే అన్నారు. కాకపోతే ఆ నోటు మీద ఏనుగు ఉంది. ఆ ఏనుగు కళ్లజోడు పెట్టుకుని, గొడుగు పట్టుకుని ఉంది.

నల్లకుంటపాలెంలో పిచ్చయ్యకున్న పిచ్చి ఇదొక్కటే. పేరే పిచ్చయ్య కావడం వల్ల దానికి వేరే పేరు పెట్టే పని ఊళ్లోవాళ్లకి తప్పింది. పిల్లలు వేళ్లకి తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుతినే పసుప్పచ్చ గొట్టాలుంటాయి చూశారూ, ఆ ప్యాకెట్ల అడుగున కంపెనీవాళ్లు ఒక బొమ్మనోటు వేస్తారు. పిల్లలు గొట్టాలు తిని నోటు పారేస్తారు. పిచ్చయ్య ఆ నోటు ఏరుకుంటాడు. మీసాల ఎలక నోటు, జీపు నడిపే మేక నోటు, దోసె తిరగేసే ఎలుగుబంటి నోటు, ఇలా రకానికొకటి చొప్పున బిస్కెట్ల డబ్బాలో పేర్చి పెట్టుకున్నాడు. ప్రతి నోటు మీదా పైన 'బుజ్జి బ్యాంకు' అని ఉంటుంది. కింద 'ఈ నోటు తెచ్చినవారికి నూరు నవ్వులు చెల్లించెదము' అని ఉంటుంది. ఆ మాటకి పూచీగా గవర్నరు గారి సంతకం. గవర్నరు టోపీ పెట్టుకున్న కప్ప.

పిండి పట్టించుకోవడానికొచ్చే ఆడవాళ్లు పిల్లల దగ్గర లాక్కున్న నోటొకటి తెచ్చి చేతిలో పెడితే పిచ్చయ్య మరకూలి అడగడం మర్చిపోయేవాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. అతని పెళ్లాం నాంచారమ్మకి ఇంకా బాగా తెలుసు. అందరి మగాళ్లూ సంపాదన ఇంటికి తెస్తుంటే తన మొగుడు ఎలకల్నీ మేకల్నీ తోలుకొస్తున్నాడని గడపలోకి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ డబ్బాని ఎప్పటికైనా పొయ్యిలో పెడతానని కాపరానికొచ్చిన కొత్తలోనే అంది, ఇప్పటికీ అంటూనే ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా ఆ డబ్బా మూత తుడిచి, నోట్లకి పురుగు పట్టకుండా లోపల కొత్త వేపాకు వేసేది కూడా ఆవిడే.

డబ్బాలో లేనిది ఏనుగొక్కటే. ప్యాకెట్ వెనకాల వేసిన జంతువుల వరసలో ఏనుగు ఉంది గానీ, ఏ ప్యాకెట్లోనూ దొరకలేదు. కంపెనీవాడు జనాన్ని ఊరించడానికి బొమ్మ వేశాడే తప్ప ఏనుగుని అచ్చెయ్యనే లేదని ఇలాంటి నోట్లు పోగేసే పై ఊరివాళ్లు తేల్చేశారు. పిచ్చయ్య ఒప్పుకోలేదు. ఏనుగుకి చోటు వదిలిపెట్టి, అటూ ఇటూ మిగతావాటిని పేర్చుకుంటూ వచ్చాడు. మొన్న మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఎవరిదో మినుముల సంచి తొట్టిలో బోర్లించి దులుపుతుంటే, అడుగున అతుక్కున్న ఏనుగు బయటపడింది. పిచ్చయ్య మర ఆపేశాడు. కరెంటు పోయిందనుకుని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు విసనకర్రలు తీసుకున్నారు.

నోటు నలిగి, నాలుగు మడతలు పడి ఉంది. ఆ మడతలు పోవాలంటే బరువు కింద ఉండాలి. బీరువాలో చీరల కింద నాంచారమ్మ బ్యాంకులో వెయ్యడానికి దాచిన కొత్త నోట్ల కట్ట ఉంది. పిచ్చయ్య ఏనుగుని ఆ కట్ట నడుమ దూర్చాడు. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. రేపు తీద్దామనుకున్నాడు. ఆ రేపే నాంచారమ్మ కట్ట పట్టుకుని బ్యాంకుకి వెళ్లింది.

ఊళ్లో ఉన్నది శ్రీ సుభిక్ష బ్యాంకు. అప్పుడు అక్కడ నకిలీ నిర్మూలన పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ప్రతి శాఖా ఒక్క దొంగనోటైనా పట్టి తీరాలని పైనుంచి ఉత్తరువు. చుట్టుపక్కల శాఖలన్నీ పట్టేశాయి. నల్లకుంటపాలెం జనం మాత్రం మొండిగా మంచి నోట్లే తెచ్చి కడుతున్నారు. మేనేజరు సదానందరావు గారు ఖాతాదారుల సమావేశం పెట్టి, ఇంత పెద్ద ఊళ్లో ఒక్కరు కూడా ముందుకు రాకపోతే శాఖ పరువు ఏం కావాలని అడిగారు. ఎవరూ తల ఎత్తలేదు.

అలాంటి సమయంలో క్యాషియరు ఇందుమతి నాంచారమ్మ తెచ్చిన కట్టని లెక్కపెట్టే మిషన్లో పెట్టింది. మిషను మధ్యలో ఆగి కీచుమంది. ఆ పిల్ల నోటు బయటికి లాగి చూసింది. కళ్లజోడు చూసింది. గొడుగు చూసింది. ఇంక ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కుర్చీలో వంగిపోయి, కళ్లెంట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ పిల్లని చూసి నాంచారమ్మకీ నవ్వొచ్చింది. మొగుడి మీద కోపం తెచ్చుకోవాల్సిన చోట కౌంటరు పట్టుకుని నవ్వింది.

సదానందరావు గారు గదిలోంచి బయటికొచ్చి, సంగతి తెలుసుకుని, నోటుని జేబురుమాలుతో అంచు పట్టుకుని పైకెత్తారు. ఆయన మొహంలో పిల్లాడు పుట్టినంత వెలుగు వచ్చింది. ఇది నవ్వదగిన విషయం కాదని ఇందుమతిని మందలించారు. ఆ తర్వాత నోటు పక్కన నిలబడి ఫొటో దిగారు.

"అది మా ఆయన ఏనుగయ్యా. పొరపాటున కట్టలో వచ్చింది. ఇటియ్యి," అంది నాంచారమ్మ.

"కౌంటరు దాటి లోపలికి వచ్చిన నకిలీ నోటును ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వరాదమ్మా. అది నిబంధన," అన్నారు సదానందరావు గారు. ఇక చెయ్యాల్సిందల్లా ఆ నోటు మీద 'నకిలీ' అని ముద్ర కొట్టడమేనని కూడా సెలవిచ్చారు.

నాంచారమ్మ ముద్ర చూసింది. అది అరచెయ్యంత ఉంది. నోటు అందులో సగం ఉంది. ముద్ర పడితే ఏనుగు ఉండదు. అదృష్టం ఏమిటంటే ఆ శాఖ పుట్టాక ఆ ముద్ర వాడే అవసరం రాకపోవడంతో సిరా దిండు ఎండి బీడులా పగిలిపోయింది. కొత్త దిండు కావాలని పైకి రాశారు. దిండు వచ్చేదాకా ఏనుగుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు.

కబురు తెలిసి పిచ్చయ్య కనురెప్పల మీద పిండితో అలాగే పరిగెత్తుకొచ్చాడు. నోటు తనదేనన్నాడు. అడిగిన చోటల్లా సంతకం పెట్టాడు. కావాలంటే ఇంకో రెండు కూడా పెడతానన్నాడు. దొంగనోటు తనదని ఇంత సంతోషంగా ఒప్పుకున్న మనిషిని తన ఉద్యోగంలో చూడలేదని సదానందరావు గారు పై ఆఫీసుకి ప్రత్యేకంగా రాశారు. ముద్ర మాత్రం కొట్టొద్దని పిచ్చయ్య బతిమిలాడాడు. కేసు పెట్టుకోమన్నాడు, కావాలంటే మరకి తాళం వేసుకోమన్నాడు. మేనేజరు గారు అతని భుజం తట్టి, చట్టం తన పని తాను చేసుకుపోతుందని, ఈలోగా మజ్జిగ తాగి వెళ్లమని చెప్పారు.

పై ఆఫీసు నుంచి సిరా దిండు రాలేదు, తాఖీదు వచ్చింది. 'సదరు నకిలీ నోటు ఏ అసలు నోటుకు నకిలీయో ఆ అసలు నోటును సరిపోల్చు నిమిత్తం జతపరచవలెను. అంతవరకు ముద్ర వేయరాదు.'

సదానందరావు గారు ఆ కాగితం పట్టుకుని స్వయంగా పిండిమరకి వచ్చారు. ఆయన నల్ల ప్యాంటు లోపలికొచ్చేసరికి తెల్లగా అయింది.

"అసలుది ఎక్కడుంది పిచ్చయ్య గారూ?"

"అసలుదంటూ లేదండి. ఉన్నది అదొక్కటే."

"అసలు లేకుండా నకిలీ ఎలా పుడుతుందండీ?"

"అది బొమ్మనోటు కదండి సారూ."

"మీరూ నేనూ జేబులో పెట్టుకునేదాని మీద ఉన్నది మాత్రం బొమ్మ కాదా?"

పిచ్చయ్య మర ఆపేశాడు. మేనేజరు గారు వెళుతూ వెళుతూ, అసలు ఏనుగు నోటు దాచిపెట్టడం నేరమని, తెచ్చి ఇస్తే దేశానికి సేవ చేసినట్టని, రెండిట్లో ఏది కావాలో తేల్చుకోమని చెప్పి ప్యాంటు దులుపుకున్నారు.

ఈ మాటలు మర చప్పుడులో సగం, చప్పుడు ఆగాక సగం సీతారావమ్మ చెవిన పడ్డాయి. సాయంత్రం పాలు పోసే వేళకి అసలు ఏనుగు నోటు కోసం సర్కారు వెతుకుతోందని తేలిపోయింది. పాత నోట్లు తీసేసి ఏనుగు నోట్లు తెస్తారట, ముందుగా ఎవరి దగ్గరుంటే వాళ్లు బాగుపడతారట. దొంగనోట్ల మిషన్ల సంగతి ఏమైందని ఎవరో అడిగితే, అవి సర్కారు పెట్టించినవేనని, పిచ్చయ్య పైకి అమాయకంగా కనపడతాడు గానీ ఢిల్లీ మనిషని ఆవిడ సర్దిచెప్పింది.

మర్నాటికి ఊళ్లో కొట్లలో గొట్టాల ప్యాకెట్లు లేవు. పక్క ఊళ్లోనూ లేవు. అరుగుల మీద పెద్దమనుషులు కూర్చుని ప్యాకెట్లు చింపుతున్నారు. గొట్టాలు తినీ తినీ పిల్లలకి మొహం మొత్తింది. పారెయ్యబుద్ధి కాక కుడితిలో వేశారు. బర్రెల మూతులు పసుప్పచ్చబడ్డాయి. ఇన్నాళ్లూ పిచ్చయ్యకి ఊరికే ఇచ్చిన ఎలకా మేకా నోట్లు తిరిగివ్వమని అడగడానికి ఇద్దరు ముగ్గురు మరకి వచ్చారు. ఇచ్చినప్పుడు అవి ఉత్తుత్తివని అనుకున్నామని, ఇప్పుడు సంగతి వేరని అన్నారు. నాంచారమ్మ రోకలి పట్టుకుని బయటికొచ్చి, ఎవరు ఏ నోటిచ్చి ఎన్నిసార్లు ఊరికే పిండి పట్టించుకున్నారో ఒక్కొక్కళ్లకీ గుర్తుచేసింది. వాళ్లు మళ్లీ రాలేదు. ఏనుగు మాత్రం ఏ ప్యాకెట్లోనూ దొరకలేదు.

అసలుది దొరకలేదని రాస్తే పై ఆఫీసు ఊరుకోలేదు. నకిలీ నిర్ధారణాధికారి విశ్వంభరం గారు కారేసుకుని వచ్చారు. ఆయన భూతద్దం, నీలం దీపం, స్కేలు తెచ్చుకున్నారు. బ్యాంకు తలుపులు మూసి, ఖాతాదారుల్ని బయట నిలబెట్టి, ఇనప్పెట్టెలోంచి ఏనుగుని తీయించారు. పిచ్చయ్యనీ నాంచారమ్మనీ సాక్షులుగా లోపల కూర్చోబెట్టారు. ఇన్నాళ్ల తర్వాత తన ఏనుగు కనపడగానే పిచ్చయ్య కుర్చీలోంచి సగం లేచాడు. గొడుగు చెక్కు చెదరలేదు.

విశ్వంభరం గారు నోటుని వెలుతురుకి పెట్టి చూశారు. నడుమ తెల్లటి మచ్చ కనపడింది. నీటిగుర్తు ఉన్నదని రాయించారు. అది మినపపిండి మరకని పిచ్చయ్య చెప్పబోయాడు. సాక్షి అడిగినప్పుడే మాట్లాడాలని ఆయన అన్నారు. తర్వాత భూతద్దం పెట్టారు. నోటు మీద నిలువునా సన్నటి నల్లటి గీత ఉంది. భద్రతా దారం ఉన్నదని రాయించారు.

"అది నా వెంట్రుకయ్యా," అంది నాంచారమ్మ. "బీరువా దగ్గర తల దువ్వుకుంటాను."

విశ్వంభరం గారు ఆ మాట కొట్టేయించి, 'భద్రతా దారం స్థానికంగా సేకరించబడినది' అని రాయించారు.

ఆఖరికి నోటుని బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, తీర్పు చెప్పారు. నకిలీ అనేది ఎల్లప్పుడూ మరొకదానికి నకిలీ. ఈ నోటుకు మరొకటి లేదు. కనుక ఇది నకిలీ కాదు. నకిలీ కానిది అసలు. కనుక ఇది అసలు నోటు.

సదానందరావు గారి మొహం వాడిపోయింది. పట్టుకున్న ఒక్క దొంగనోటూ చేజారిపోయింది. ఆయన బాధ చూసి విశ్వంభరం గారు ఓదార్చారు. నకిలీ నోట్లు పట్టిన శాఖలు ఎన్నో ఉన్నాయని, అసలు నోటుని పట్టిన శాఖ ఇదొక్కటేనని అన్నారు. మేనేజరు గారు తేరుకుని మళ్లీ ఫొటో దిగారు.

పిచ్చయ్య లేచి రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లో పిండి లేకుండా పొద్దున్నే సబ్బు పెట్టి కడుక్కుని వచ్చాడు.

"అసలుదన్నారు కదండి. ఇచ్చెయ్యండి మరి."

"నకిలీ అయితే తిరిగి ఇవ్వరాదు. అసలైతే తిరిగి ఇవ్వనక్కర్లేదు," అన్నారు విశ్వంభరం గారు. "కౌంటరులో కట్టిన నోటు బ్యాంకుది. దాని విలువ మాత్రమే మీది."

ఆ విలువ మీద చిక్కు వచ్చింది. నోటు మీద నూరు నవ్వులు అని ఉంది. నాంచారమ్మ ఖాతా రూపాయల ఖాతా. అందులో నవ్వులు జమ చెయ్యడానికి వీల్లేదు. నవ్వుకి రూపాయల్లో ఎంతో ఎవరూ నిర్ణయించలేదు. విశ్వంభరం గారు నిబంధనలు తిరగేసి, ఇక చెల్లింపు ఒక్కటే మార్గమని తేల్చారు. నోటు మీద రాసిన మాట రాసినట్టు నిలబెట్టుకోవాలి. కౌంటరులో నూరు నవ్వులూ చెల్లించి, ఆ తర్వాత నోటు నడుమ చిల్లు పొడిచి, రద్దు చేసి, ప్రధాన కార్యాలయానికి పంపాలి. చిల్లు సరిగ్గా ఏనుగు పొట్టలో పడుతుంది.

పిచ్చయ్య తనకి నవ్వులొద్దన్నాడు. వద్దని రాసిస్తానన్నాడు. విశ్వంభరం గారికి మొదటిసారి కోపం వచ్చింది.

"వద్దనే హక్కు మీకు లేదు. ఇచ్చిన మాట ప్రకారం చెల్లించకపోతే బ్యాంకుల మీద ప్రజలకు నమ్మకం ఉంటుందా? ఒక్క ఏనుగు కోసం దేశ ఆర్థిక వ్యవస్థను పణంగా పెట్టమంటారా?"

ఆ రోజు పిచ్చయ్య అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. బిస్కెట్ల డబ్బా తెరిచి పెట్టుకున్నాడు. మేకకీ ఎలుగుబంటికీ నడుమ ఖాళీ అలాగే ఉంది. నాంచారమ్మ చారు పోస్తూ, కట్టలో పెట్టేముందు ఒక్క మాట చెప్పొచ్చుగా అంది.

"చెబితే పెట్టనిచ్చేదానివా?"

నాంచారమ్మ ఆలోచించింది. "పెట్టనిచ్చేదాన్ని కాదులే," అంది. చారు గిన్నె కింద పెట్టి, "కట్ట తీసేటప్పుడు నేనన్నా ఓసారి తిరగేసి చూసుకోవాల్సింది," అంది. ఆవిడ అలాంటి మాట అనడం పిచ్చయ్య ఎన్నడూ వినలేదు. డబ్బా మూత పెట్టి నాలుగు మెతుకులు తిన్నాడు. రేపు చెల్లింపుకి తనూ వస్తానని, ఖాతా తనదని, నోరు కూడా తనదేనని నాంచారమ్మ చెప్పింది.

చెల్లింపు లోపల కౌంటరులోనే గనక తలుపులు బార్లా తెరిచి, జనం కూర్చుని చూడటానికి బ్యాంకు ముందు షామియానా వేశారు. 'నవ్వుల చెల్లింపు మహోత్సవం' అని గుడ్డ కట్టారు. ఊరంతా వచ్చింది. సీతారావమ్మ ముందు వరసలో కూర్చుని, తనకి మొదటినుంచీ అనుమానంగానే ఉందని పక్కవాళ్లకి చెబుతోంది. దేని మీద అనుమానమో చెప్పలేదు.

చెల్లింపు విధానాన్ని సదానందరావు గారు మైకులో చదివారు. పళ్లు కనపడితేనే పూర్తి నవ్వు. చిరునవ్వుని చిరిగిన నోటు కింద జమకట్టి సగం విలువే ఇస్తారు. నూరులో పదో వంతు పన్ను కింద ముందే కోత వేస్తారు. ఆ నవ్వులు సర్కారువి గనక ఇక్కడ ఎవరూ నవ్వరు. మిగిలినవి సిబ్బంది వంతులవారీగా చెల్లిస్తారు. జనంలో ఎవరైనా ఉచితంగా నవ్వితే అవి లెక్కలోకి రావు, పైగా లెక్క తప్పుతుంది, కాబట్టి నవ్వరాదు. ఈ మాటకి షామియానా కింద చాలామంది పైటలూ తువ్వాళ్లూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇందుమతి కౌంటరులో కూర్చుని, పెద్ద నవ్వులు కావాలా, చిల్లర నవ్వులు కావాలా అని నిబంధన ప్రకారం అడిగింది. ఏదో ఒకటి కానివ్వమన్నాడు పిచ్చయ్య. అతని కళ్లు బల్ల మీద ఉన్న చిల్లు పొడిచే మిషను మీదే ఉన్నాయి. దాని కోరలో ఏనుగుని అప్పటికే ఇరికించి పెట్టారు.

నవ్వులు మొదలయ్యాయి. ముందు ఇందుమతి నవ్వింది. మొదటి రోజు కళ్లెంట నీళ్లు పెట్టుకుని నవ్విన పిల్ల ఇప్పుడు మేనేజరు గారి వైపు చూస్తూ, పొడి దగ్గు దగ్గినట్టు, ఒక్కొక్కటే లెక్కగా నవ్వింది. తర్వాత కాపలా ఉండే గన్‌మాన్ వంతు. ఆయన అటెన్షన్లో నిలబడి, తుపాకీ భుజానికి ఆనించి, కవాతు చేసినట్టు నవ్వాడు. ముందు వరసలో పసిపిల్ల ఒకతి జడుసుకుని ఏడ్చింది. ఏడుపుని నవ్వుల్లోంచి మినహాయించాలా అని ఇందుమతి అడిగితే అక్కర్లేదన్నారు. విశ్వంభరం గారు కూర్చున్నచోటి నుంచే, కాగితం మీద చూపు తిప్పకుండా, ముక్కుతో కొన్ని చెల్లించారు. మిగిలినవన్నీ సదానందరావు గారివి. ఆయన పెద్ద గొంతుతో, పొట్ట పట్టుకుని, పక్కకి ఊగుతూ నవ్వారు. నవ్వుతున్నంతసేపూ ఆయన కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి.

చెల్లింపు పూర్తయింది. జనం చప్పట్లు కొట్టొచ్చునని మైకులో చెప్పారు. కొట్టారు. విశ్వంభరం గారు రసీదు పిచ్చయ్య ముందుకు జరిపి, నవ్వులు ముట్టినట్టు సంతకం పెట్టమని, సంతకం పడగానే చిల్లు పొడుస్తారని చెప్పారు. గన్‌మాన్ వచ్చి మిషను పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పిచ్చయ్య పెన్ను తీసుకున్నాడు. మొదటి రోజు అడిగిన చోటల్లా సంతకం పెట్టిన చెయ్యి ఇప్పుడు కాగితం దాకా వెళ్లలేదు.

నాంచారమ్మ ఆ పెన్ను తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఏమయ్యా మేనేజరు బాబూ, ఇంకొక్కటి నవ్వు," అంది.

చెల్లింపు ముగిసిందని విశ్వంభరం గారు అడ్డం పడబోయారు. ఖాతాదారు అనుమానం తీర్చడం శాఖ ధర్మమని సదానందరావు గారు పళ్లన్నీ కనపడేలా ఇంకొకటి నవ్వారు. నాంచారమ్మ ఆయన్ని కిటికీ వైపు తిరగమంది. తిరిగారు. బ్యాంకులో నోటుని వెలుతురుకి పెట్టి చూస్తారే, అలాగే ఆవిడ ఆయన మొహాన్ని వెలుతురులో చూసింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. కళ్ల దగ్గర కాసేపు ఆగింది. బయట షామియానా కింద గుసగుసలు ఆగిపోయాయి. సీతారావమ్మ కూడా ఆగింది.

"నవ్వులు ముట్టినట్టేనా అమ్మా?" అన్నారు సదానందరావు గారు, నవ్వు ఇంకా మొహం మీదే ఉంచుకుని.

"ఏం ముట్టడం. ఆ రోజు ఏనుగుని చూసి ఈ పిల్ల నవ్విందే, అదీ అసలు నవ్వు. ఇప్పుడు మీరు కట్టినవన్నీ దొంగ నవ్వులయ్యా. కౌంటరు దాటొచ్చిన దొంగది తిరిగివ్వకూడదన్నారుగా, నేనూ ఇవ్వను. ముద్రేసుకోండి. మా ఏనుగు మాకిచ్చెయ్యండి."

కౌంటరుకి అవతల ఇందుమతి మళ్లీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, గన్‌మాన్ మిషను పిడి మీంచి చెయ్యి తీసేశాడు.